కహక్ మాడ్చిన పాట

మన్సూరా,
రజబ్ 12

చిరంజీవి తమ్ముడు ఖైరీకి,

అక్క దీవెనలు. నీ పాట ఉన్న మూడో సినిమా గురువారం మన ఊరికి వచ్చింది. మీ బావ తన రైల్వే గడియారంతో, నేను నా నోటు పుస్తకంతో వెళ్లి రెండో వరసలో కూర్చున్నాం. వెనక వరస నిండా మన వీధివాళ్లే. అడిగావు కాబట్టి పుస్తకంలో రాసుకున్నది ఉన్నదున్నట్టు దించుతున్నాను.

మొదటి సినిమా: ఇరవై రెండు సెకన్లు. మంగలి షాపు రేడియోలోంచి. అప్పుడే మంగలి తన పంటినొప్పి సంగతి చెబుతున్నాడు.

రెండో సినిమా: పదకొండు సెకన్లు. తాగుబోతు పాడుతూ పడవలోంచి నైలు నదిలో పడ్డాడు. మిగతా పాట నీళ్లలో పోయింది.

మూడో సినిమా: నలభై ఒక్క సెకన్లు. నీకు ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. కాకపోతే అందులో ముప్ఫై సెకన్లు గాడిద ఓండ్ర పెట్టింది.

దీపాలు వెలగగానే మన ఎదురింటి ఉమ్ లుత్ఫీ ముందుకు వంగి, "ఆ రెండో గొంతు కూడా మీ తమ్ముడిదేనా ఇన్షిరాహ్? బలే బలంగా ఉందే!" అంది. నేను నోటు పుస్తకం మూసేశాను. మీ బావ మాత్రం, "లేదమ్మా, అది మీ ఆయన గొంతులా ఉంది" అన్నారు. అప్పటినుంచి ఆవిడకీ మాకూ మాటల్లేవు.

ఇక అసలు సంగతి. రంజాన్ ఇంకా నెలన్నర ఉంది. అమ్మ పోయాక వచ్చే మొదటి కహక్ ఇది. నలభై ఏళ్లు మన వీధి రొట్టెల మేస్త్రీ ఉస్తా బయ్యూమీ పొయ్యి ముందు నిలబడి, పాట పాడి, వీధి మొత్తానికీ ఈ పండగ బిస్కట్లు కాల్చి పెట్టింది అమ్మ. పాట మొదలైతే పళ్లాలు లోపలికి, పాట అయిపోతే బయటికి. ఒక్కటి మాడలేదు, ఒక్కటి పచ్చిగా మిగల్లేదు. ఈసారి ఆ చోటు నాదని అందరూ అన్నారు, ఉమ్ లుత్ఫీ తప్ప. ఆవిడ నెత్తిన రెండు గంటలున్న అలారం గడియారం ఒకటి కొంది. "పాటలేంటమ్మా ఈ కాలంలో! నా గడియారం రాగాలు తీయదు, దగ్గదు, చచ్చిపోదు" అని బావి దగ్గర అందిట. ఆఖరి మాట నాకు గుచ్చుకుంది.

ఒక్క పళ్లెం మాడినా వచ్చే ఏడు నుంచి అమ్మ చోట్లో ఆ గడియారం కూర్చుంటుంది. అలా అని ఒప్పందం. అందుకే నీ అక్కకి నిద్ర సరిగా పట్టడం లేదు.

జలుబు తగ్గిందా? గొంతుకి జీలకర్ర కషాయం తాగు.

మీ అక్క
ఇన్షిరాహ్


కైరో,
రజబ్ 20

అక్కా,

గాడిదని మరిచిపో! ఈ ఉత్తరం నించుని చదువు, తర్వాత కూలబడు.

డైరెక్టర్ హిల్మీ గారు నన్ను పిలిచారు. సినిమా పేరు "వెళ్లకు, బండి ఆలస్యం". హీరోయిన్ రైలు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడుస్తూ పాడాలి. పాట మొత్తం పాడాలి! రేడియోలోంచి కాదు, నీళ్లలోంచి కాదు. పాట నడిచినంతసేపు తెర మీద జంతువులు ఉండరాదని కాగితం మీద రాయించుకున్నాను. హిల్మీ గారు, "పిచ్చుక కూడా వద్దా?" అన్నారు. "వద్దండీ, నాకు అనుభవం ఉంది" అన్నాను. సినిమా పండగ రోజు విడుదల. పాట రంజాన్‌లోనే రేడియోలో వస్తుంది.

నాకు ఇరవై రోజులు టైమిచ్చారు. ఊద్ ఒళ్లో పెట్టుకుని ఆరు రోజులు కూర్చున్నాను. ఒక్క ముక్క రాలేదు. పక్కగది అతను తలుపు కొట్టి, "అన్నా, ఆ వాయిద్యం రిపేరు చేస్తున్నావా?" అని అడిగాడు.

ఎందుకో ఈ మధ్య మనసు ఊరికే అమ్మ మీదికి పోతోంది. ఆ పొయ్యి పాట ఏడు చరణాలూ నీకు గుర్తున్నాయా? నాకు మధ్యలో ఖాళీలు పడ్డాయి. ఒకసారి రాసి పంపవా? ఊరికే, చదువుకుందామని.

ఉమ్ లుత్ఫీ గడియారానికి తుప్పు పట్టాలని దువా చేస్తున్నాను.

నీ ఖైరీ


మన్సూరా,
రజబ్ 25

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సినిమాకి కాదు. కైరో వెళ్లి పన్నెండేళ్లయినా, అంత పెద్ద పని నెత్తిమీద ఉన్నప్పుడు కూడా నీకు అమ్మ పాట కావాలనిపించినందుకు. మీ బావకి చదివి వినిపించాను. ఆయన కూడా ముక్కు తుడుచుకుని, జలుబన్నారు.

ఒక్కో చరణం మూడేసి సార్లు పాడాలి. ఏ పని ఏ చరణానికి వస్తుందో పక్కన రాశాను. నువ్వు పొయ్యి దగ్గర పాడవు కాబట్టి నీకు అక్కర్లేదు, అయినా రాసి ఉంటే మంచిది.

మొదటిది, పళ్లాలు లోపలికి తోసేటప్పుడు:
"ఎర్రబడవే పిల్లా, నల్లబడకే,
తెల్ల చొక్కా తొడుక్కుని వస్తున్నాడు నీ దొర."
తెల్ల చొక్కా అంటే పైన జల్లే చక్కెర పొడి. చిన్నప్పుడు నువ్వు మన మేనమామ అనుకునేవాడివి.

మూడోది, పొయ్యి మూత కొద్దిగా తీసి చూసేటప్పుడు:
"కిటికీ తెరిచి ఒక్కసారి చూడనీ,
సిగ్గెందుకే నా తల్లీ, నేనేగా."

ఐదోది, పళ్లెం వెనక్కి ముందుకి తిప్పేటప్పుడు:
"ఈ బుగ్గ చాలే, ఆ బుగ్గ తిప్పవే."

ఏడోది, బయటికి లాగేటప్పుడు:
"లేచి రావే, లేచి రావే,
ఇంటిల్లిపాదీ నీకోసమే కూర్చున్నారే."

మిగిలిన మూడూ వెనక కాగితం మీద ఉన్నాయి. నిన్న వంటింట్లో పాడి చూసుకున్నాను. మీ బావ గడియారం ప్రకారం సరిగ్గా ఏడు నిమిషాలు.

ఈ కాగితం జాగ్రత్తగా దాచుకో.

అక్క


కైరో,
షాబాన్ 16

అక్కా,

తీరిక లేదు, రెండే ముక్కలు. పాట అయిపోయింది. హిల్మీ గారు నన్ను కౌగిలించుకున్నారు. నువ్వు పంపిన కాగితం భద్రంగా ఉంది, చాలా భద్రంగా.

ఒక మాట. రంజాన్‌లో రేడియో ఎక్కువ వినకూడదట, ఉపవాస పుణ్యం తరిగిపోతుందట. ఇక్కడ ఒక పెద్దాయన చెప్పాడు. పండగ దాకా ఆ పెట్టెని గుడ్డ కప్పి ఉంచితే మంచిది. బావకి కూడా చెప్పు.

ఖైరీ


మన్సూరా,
రంజాన్ 9

గౌరవనీయులైన సంగీత దర్శకులు ఖైరీ గారికి,

తమరి పాట విన్నాం.

సాయంత్రం ఉపవాసం విడిచే ఫిరంగి మోగింది. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాం. రేడియో, "పండగకి రాబోయే సినిమాలో పాట, రచన, సంగీతం ఖైరీ" అనగానే మీ బావ సూప్ గిన్నె పట్టుకునే లేచి నిలబడ్డారు. వీధిలో అన్ని కిటికీలూ తెరుచుకున్నాయి. తర్వాత హీరోయిన్ గారు ఎంతో విషాదంగా "ఎర్రబడవే మనసా, నల్లబడకే" అని అందుకున్నారు. నా నోట్లో ఖర్జూరం అలాగే ఉండిపోయింది.

మీరు పిల్లని మనసు చేశారు. మిగతాదంతా అమ్మదే. కిటికీ, రెండు బుగ్గలు, తెల్ల చొక్కాతో సహా.

పాట తీసుకున్నందుకు నాకు బాధ లేదండీ. అడిగితే ఇచ్చేదాన్ని, పొంగిపోయి ఇచ్చేదాన్ని. మనసు అమ్మ మీదికి పోతోందని రాశారే, అది పుచ్చుకుని నేను ఏడ్చానే, ఆ ఏడుపు నాకు తిరిగి కావాలి.

ఇప్పటికి ఆరుసార్లు వేశారు. ఆరుసార్లూ లెక్కపెట్టాం. పన్నెండు నిమిషాలు. అమ్మ పాట ఏడు నిమిషాలది, మీరు ఐదు నిమిషాల వయొలిన్లు దట్టించారు. వీధి వీధంతా పాడుతోంది. ఉమ్ లుత్ఫీ కూడా బట్టలారేస్తూ ఆ వయొలిన్లతో సహా నోటితో తీస్తోంది. మా ఇంటి ముందుకొచ్చి, "అబ్బ, మీ తమ్ముడు ఎంత గొప్పవాడమ్మా!" అంది. రెండు నెలల తర్వాత నాతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట. దానికి నేను నవ్వాల్సి వచ్చింది.

ఇకపై ఉత్తరాలు రాయను. నిమ్మకాయ పచ్చడి సీసా ఒకటి పార్సెల్ చేశాను. అది ముందే పెట్టిన పచ్చడి కాబట్టి.

ఇట్లు,
ఫహ్మీ గారి భార్య


కైరో,
రంజాన్ 13

అక్కా,

"గారు" అన్నావు, "అండీ" అన్నావు. దీనికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. పచ్చడి అందింది. ప్రతి ముద్దకీ నువ్వు తిట్టినట్టే ఉంది, అయినా సగం సీసా అయిపోయింది.

నిజం చెబుతాను. కాగితం అడిగినప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది నిజం. నాకు వేరే పాట రాలేదన్నదీ నిజం. రెండోది నీకు చెప్పలేదు. పన్నెండేళ్లుగా నువ్వు నా సెకన్లు లెక్కపెడుతున్నావు. ఈసారి కూడా గాడిదే అని రాయడానికి సిగ్గేసింది.

హిల్మీ గారికి వినిపిస్తే ఊగిపోయారు. "ఈ బుగ్గ చాలే, ఆ బుగ్గ తిప్పవే" దగ్గర కుర్చీ ఎక్కి, "కెమెరా ఎటు పెట్టాలో కూడా పాటలోనే ఉందయ్యా! నువ్వు మహానుభావుడివి!" అన్నారు. అది పళ్లెం తిప్పడం గురించి అని ఎలా చెప్పను? తెల్ల చొక్కా వినగానే హీరోని నేవీ ఆఫీసర్‌ని చేశారు. అంతకు ముందు అతను పళ్ల డాక్టరు.

వయొలిన్లు నా తప్పు కాదు. హీరోయిన్‌కి కన్నీళ్లు ఆలస్యంగా వస్తాయి. ప్రతి చరణం తర్వాత అవి వచ్చేదాకా ఏదో ఒకటి వాయించాలి.

టైటిల్స్ అచ్చయిపోయాయి, నా పేరు మీదే. మార్చమని అడిగాను, కుదరదన్నారు. నిజానికి గట్టిగా అడగలేదు. ఇదీ చెప్పేస్తున్నాను.

నన్ను మళ్లీ "ఒరేయ్" అను.

ఖైరీ


మన్సూరా,
రంజాన్ 24

ఒరేయ్ ఖైరీ,

మన్నించానని కాదు. "గారు" అని రాసే ఓపిక లేక.

మునిగిపోయాం. ఎలా జరిగిందో వరసగా రాస్తాను.

సాయంత్రం అసర్ నమాజు కాగానే పళ్లాలు నెత్తిన పెట్టుకుని అందరం ఉస్తా బయ్యూమీ పొయ్యి దగ్గర చేరాం. ఎవరి పళ్లానికి వాళ్ల గుర్తు పెట్టాం. నేను అమ్మ నల్ల శాలువా కప్పుకుని అమ్మ నించున్న చోటే నించున్నాను. బయ్యూమీ పత్తికట్టె ఎగదోసి పన్నెండు పళ్లాలు లోపలికి తోశాడు. "కానివ్వమ్మా, మీ అమ్మ చూస్తోంది" అన్నాడు. నేను అమ్మ నడకలోనే ఎత్తుకున్నాను.

మొదటి చరణం అయిందో లేదో వెనకనుంచి ఇరవైమంది ఆడవాళ్లు, "ఈఁ... ఈఁ... ఈఁ..." అని వయొలిన్లు ఎత్తుకున్నారు!

"అమ్మా, ఆపండి, వయొలిన్లు లేవు ఇందులో!" అన్నాను.

"ఎందుకు లేవు? రేడియోలో ఉన్నాయిగా!"

"ఇది పొయ్యి పాట!"

"మీ తమ్ముడి పాటే కదమ్మా, నీకు తెలీదా ఏంటి?"

ఇరవైమంది ఒక వైపు, నేనొక్కదాన్ని ఒక వైపు. ఏట్లో కొట్టుకుపోయినట్టు పోయాను. "ఆ బుగ్గ తిప్పవే" దగ్గర సగంమంది కళ్లు తుడుచుకుంటున్నారు. బయ్యూమీ పార పట్టుకుని, "ఇంకా ఎంతమ్మా? పొగ వస్తోంది" అని రెండుసార్లు అడిగాడు. ఉమ్ లుత్ఫీ, "నోర్ముయ్ బయ్యూమీ, ఆవిడ ఏడుస్తోంది!" అంది. ఆవిడంటే సినిమాలో ఆవిడ.

తీస్తే పన్నెండు పళ్లాలూ బొగ్గు.

రెండో విడతకి అందరూ ప్రవక్త మీద ఒట్టేశారు నోరెత్తమని. మూడో చరణం దాకా ఆగారు. ఆ తర్వాత ఎవరో ఒక్కరు ముక్కుతో సన్నగా వయొలిన్ తీశారు. అంతే. ఇంకో పన్నెండు పళ్లాలు బొగ్గు. ఉపవాసంతో నకనకలాడుతూ, ఆ నెయ్యి, ఆ అక్రోట్లు, ఆ నువ్వులు అన్నీ మాడిన వాసన పీలుస్తూ అందరం నిలబడ్డాం.

ఉమ్ లుత్ఫీ సంచిలోంచి గడియారం తీసింది. అమ్మ నించునే చోట స్టూలు వేసి దాన్ని పెట్టింది. నేను శాలువా మడిచి ఇంటికొచ్చేశాను.

రంజాన్ 25. ఉత్తరం ఇంకా డబ్బాలో వేయలేదు, కాబట్టి ఇది కూడా.

ఇవాళ గడియారం కాల్చింది. ఏడు నిమిషాలకి పెట్టింది ఉమ్ లుత్ఫీ. మొదటి విడత మాడింది. రెండో విడత మెత్తగా, తెల్లగా, పచ్చిపిండి. మూడోది ముందు వరస పచ్చి, వెనక వరస బొగ్గు. అన్నింటికీ అవే ఏడు నిమిషాలు! ఆవిడ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, ఊపి, చివరికి బయ్యూమీని తిట్టింది. ఆయన పార కింద పడేసి, "నలభై ఏళ్లు నా పొయ్యికి చెడ్డపేరు రాలేదు. మీ తమ్ముడు ఒక్క పాట రాసి తెచ్చాడు" అని నాకేసి చూశాడు.

పండగ ఇంకా ఐదు రోజులు. వీధిలో తినదగ్గ కహక్ ఒక్కటి లేదు. నాకు పాటలో ఏదో తెలియడం లేదురా. ఏడు నిమిషాలు సరైనదే అయితే గడియారం ఎందుకు తప్పింది? చిన్నప్పుడు మాకెవరికీ లేని చోటు నీకు ఇచ్చేది అమ్మ, తన పక్కన, పొయ్యి గుమ్మంలో. నువ్వు చూసినదేదో ఉండాలి. బాగా గుర్తు తెచ్చుకుని వెంటనే రాయి. ఇది సినిమా కోసం కాదు.

అక్క


తంతి
కైరో నుంచి మన్సూరాకి, రంజాన్ 26

అమ్మ తాళం తప్పలేదు. దిద్దింది నేను. చెమట కారితే త్వరగా పాడు. చలేస్తే నిదానంగా పాడు. గడియారం నమ్మకు. ఉత్తరం వెనకే వస్తోంది. ఖైరీ.


కైరో,
రంజాన్ 26

అక్కా,

తంతి రాసిస్తే గుమాస్తా రెండుసార్లు చదివి, "ఇది ఎవరికి సంకేతం?" అన్నాడు. కహక్ గురించి అన్నాను. పైఅధికారిని పిలిచాడు. ఆయన చదివి, "పాపం, నిజమే అయి ఉంటుంది, పంపు. మా ఇంట్లోనూ మాడాయి" అన్నాడు.

నువ్వు అడగగానే కళ్లు మూసుకుని కూర్చున్నాను. నేను గుమ్మంలో కూర్చునేవాణ్ని, చల్లగా ఉండేది. అమ్మ పొయ్యి ముందు. మంట ఎగిసినప్పుడు ఆమె నుదుటి మీద చెమట జారేది, పాట పరిగెత్తేది. కట్టె అణిగినప్పుడు శాలువా దగ్గరికి లాక్కునేది, పాట నడిచేది. ఒకే చరణాన్ని రెండు రకాలుగా పాడేది. పత్తికట్టె మంట క్షణానికో తీరు కదా.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మకి తాళం రాదని సిగ్గుపడేవాణ్ని. ఊద్ నేర్చుకున్నాక నేను చేసిన మొట్టమొదటి సంగీత సేవ ఏమిటో తెలుసా? అమ్మ పాటకి తాళం సరిచేయడం. మెడ నిటారుగా పెట్టి, మొదటినుంచి చివరిదాకా ఒకే నడక. అదే హిల్మీ గారికి ఇచ్చాను. నేను దిద్దిన తప్పులన్నీ పొయ్యి వేడి, అక్కా.

నువ్వు కూడా వంటింట్లో చల్లగా నిలబడి పాడి ఏడు నిమిషాలని రాసుకున్నావు. ఇద్దరం చేసిన తప్పు ఒకటే, అక్కాతమ్ముళ్లమే కదా.

గడియారానికి చెమట పట్టదు. వెళ్లి శాలువా కప్పుకో.

ఖైరీ


మన్సూరా,
పండగ రెండో రోజు

ఒరేయ్ నా తమ్ముడూ,

ముందు కహక్, తర్వాత సినిమా. ఏదీ కలిపెయ్యకుండా రాస్తాను.

నీ తంతి పోస్టుమాన్ వీధి మధ్యలో నిలబడి చదివాడు, తంతి అంటే చావు కబురేమోనని ఇరవైమంది చుట్టూ చేరారు కాబట్టి. విని అందరూ నాకేసి చూశారు. నేను శాలువా తీసుకుని బయ్యూమీ దగ్గరికి నడిచాను. మిగిలిన పిండి పళ్లాలతో వాళ్లు వెనకే వచ్చారు.

చిక్కల్లా వయొలిన్లు. వీళ్ల నోళ్లు ఎలా మూయించాలి? నోట్లో ఖర్జూరం పెడదామంటే ఉపవాసం. అప్పుడు ఉమ్ లుత్ఫీ, మన ఉమ్ లుత్ఫీయే, స్టూలు మీదనుంచి గడియారం తీసి చేతిలో పట్టుకుంది. "ఎవత్తయినా ఈఁ అందో, చెవిలో మోగిస్తాను!" అంది. గుమ్మంలో కాపలా నిలబడింది. పిండిలో సగం ఆవిడదే మరి.

అమ్మ చోట నించున్నాను. మంట ముఖం మీదికి కొట్టింది. చెమట కారింది, పాట తనంతట తానే పరిగెత్తింది. మూడో చరణంలో వెనక ఎవరో సన్నగా "ఈఁ..." అనగానే ట్రింగ్‌మని గడియారం మోగింది, ఎవరో కెవ్వుమన్నారు. అలా మొత్తం తొమ్మిదిసార్లు మోగింది. అందులో ఒకటి ఉమ్ లుత్ఫీ తనకి తనే మోగించుకుంది.

మీ బావ గడియారంతో బయట నిలబడి చూశారు. మొదటి విడత ఐదున్నర నిమిషాలు. రెండోది ఎనిమిది. మూడోది తొమ్మిది దాటింది. నేను మాత్రం మూడుసార్లూ ఒకేలా పాడాననుకున్నాను. ముప్ఫై ఆరు పళ్లాలు, ఒక్కటి మాడలేదు. బయ్యూమీ ఒకటి పగలగొట్టి చూసి, పార గోడకి ఆనించి, అటు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు తిరగలేదు. అమ్మ చోటు ఉందిరా. నేనే ఉన్నాను అందులో.

ఇప్పుడు సినిమా.

పండగ మొదటి రోజు వీధి మొత్తం వెళ్లాం, కహక్ పొట్లాలతో. టైటిల్స్‌లో నీ పేరు ఉంది, అక్షరాలు చిన్నవే అయినా కదలకుండా నిలబడ్డాయి. హీరోయిన్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. పాట మొదలైంది. హీరో తెల్ల బట్టలతో పరిగెత్తడం మొదలుపెట్టాడు. నాలుగు నిమిషాలకి మీ బావ నా చెవిలో, "ఈజిప్టులో ఇంత పొడుగు ప్లాట్‌ఫారం లేదు. ఇతను ఈపాటికి పోర్ట్ సయీద్ చేరి ఉండాలి" అన్నారు. అంతా నిశ్శబ్దం. కొందరు ఏడుస్తున్నారు కూడా.

ఐదో చరణం. హీరోయిన్ బుగ్గ తిప్పింది. వెనక వరసలోంచి ఉమ్ లుత్ఫీ గొంతు: "అయిపోయింది, తియ్యండే!"

ఇంకొకరు: "మాడిపోతోంది తల్లీ, తియ్యి!"

ఆ తర్వాత హాలంతా, "తియ్యి బయ్యూమీ, తియ్యి!" అని. బయ్యూమీ నాలుగో వరసలో కునుకు తీస్తున్నాడు. తుళ్లిపడి లేచి, "తీస్తున్నా, తీస్తున్నా!" అని ముందు కూర్చున్నాయన టోపీ పట్టుకుని లాగాడు. ఇక ఆ హీరోయిన్ మిగిలిన నాలుగు నిమిషాలూ ఏడుస్తూనే ఉంది, మేం నవ్వుతూనే ఉన్నాం. నీకు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. అయినా దాచిపెట్టడం మన ఇంట్లో ఇక వద్దు కాబట్టి రాశాను.

నోటు పుస్తకం: నాలుగో సినిమా. పన్నెండు నిమిషాలు. మధ్యలో జంతువులేవీ అరవలేదు. మేం అరిచాం.

ఒక డబ్బా కహక్ రైల్లో గార్డు చేతికిచ్చి పంపాను. కింద వరసలో ఉన్న రెండు నల్లవి, నీ పాటకి కాలినవి. గుర్తుగా ఉంచుకో.

అక్క


కైరో,
షవ్వాల్ 19

అక్కా,

డబ్బా అందింది. నల్లవి కూడా తినేశాను.

కోపమా! విను. కైరోలో సినిమా రెండు వారాలకి ఎత్తేశారు. పత్రికలో ఒకాయన, "హీరో పరుగు చూసి ప్రేక్షకులకి ఆయాసం వచ్చింది" అని రాశాడు. మన్సూరాలో మాత్రం మూడో వారం నడుస్తోందట. హాలు యజమాని హిల్మీ గారికి ఉత్తరం రాశాడు: జనం పళ్లాలు, పారలు పట్టుకొస్తున్నారట, ఐదో చరణం దగ్గర అందరూ లేచి అరుస్తున్నారట, చుట్టుపక్కల ఊళ్లనుంచి బళ్లు కట్టుకొస్తున్నారట. హిల్మీ గారు ఆ ఉత్తరం నా ముందు పెట్టి, "ఇదేంటయ్యా? నేను తీసింది విషాదం కదా?" అన్నారు.

అప్పుడు చెప్పేశాను. అంతా. అమ్మ, పొయ్యి, పళ్లెం బుగ్గ, చక్కెర చొక్కా. ఆయన హాలు యజమాని ఉత్తరం మళ్లీ ఒకసారి చదివారు. "అంటే నా నేవీ ఆఫీసరు చక్కెర పొడా?" అన్నారు. "అవునండీ." తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టారు, ఆపడానికి నీళ్లు తెప్పించాల్సి వచ్చింది.

కొత్త కాపీలకి టైటిల్ మారుస్తున్నారు: "పాట: ఖైరీ, అతని తల్లి." ఈసారి గట్టిగా అడిగాను. బల్ల మీద కొట్టాను కూడా, చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది.

ఇక అసలు అడగాల్సింది. ఈసారి సూటిగా, మనసు ఎటూ పోకుండా అడుగుతున్నాను. హిల్మీ గారు తర్వాతి సినిమా నవ్వుల సినిమా తీస్తారట, వంటింటి పాట కావాలన్నారు. నువ్వు పంపిన నిమ్మకాయ పచ్చడి ఆయనకి పెట్టాను. "దీనికి కూడా పాట ఉందా?" అన్నారు. ఉందా అక్కా? నువ్వు సరేనంటేనే.

ఖైరీ


మన్సూరా,
షవ్వాల్ 24

ఖైరీకి,

ఉంది. అమ్మ నాకు నేర్పింది. సరేనంటున్నాను.

కాని కాగితం మీద రాసి పంపను. అలా పంపితే ఏమవుతుందో ఇద్దరం చూశాం. పచ్చడి పాట రోజుకి ఒక్క చరణమే పాడాలి, సీసా ఎండలో తిప్పేటప్పుడు. నిమ్మకాయ ఊరే కొద్దీ పాట మారుతుంది. నలభై రోజులు, నలభై చరణాలు. హిల్మీ గారిని కాస్త ఓపిక పట్టమను.

నిమ్మకాయలు తెప్పించాను. నీ మంచం మేడ మీద ఎండ పడే వైపు వేయించాను. ఊద్ తెచ్చుకో, తాళం మాత్రం అక్కడే వదిలేసి రా.

మొదటి సీసా శనివారం పెడతాను. ఆలస్యం చెయ్యకు.

అక్క